ఓబ్ నది: పేరు ఎవరిది, నీరు ఎవరిది?

నదుల పాఠం చెప్పేటప్పుడు మేము గోడకు పటం తగిలించి పుట్టిన చోటు, పొడవు, ఉపనదులు, ఆనకట్టలు, కలిసే సముద్రం రాయిస్తాం. పిల్లలు బట్టీ పడతారు. ఆ నది ఒడ్డున మొదటి నుంచీ ఎవరున్నారు, వాళ్లు దాన్ని ఏమని పిలిచేవారు అనే ప్రశ్న పరీక్షలో రాదు కాబట్టి మేమూ అడగం. ఇక్కడ ఒక దూరదేశపు నదిని తీసుకుని ఆ ప్రశ్నే అడగదలచుకున్నాం. అది సైబీరియాలోని ఓబ్ నది.

రష్యాకు దక్షిణపు అంచున ఆల్టై పర్వతాలున్నాయి. అక్కడ తెలెత్‌స్కోయె సరస్సు నుంచి బియా, బెలూఖా శిఖరం మీది మంచు నుంచి కతూన్ అనే నదులు దిగివస్తాయి. బీస్క్ పట్టణం దగ్గర ఆ రెండూ కలిస్తే ఓబ్. అక్కడి నుంచి దాని పొడవు 3,650 కిలోమీటర్లు. చైనాలో పుట్టి కజకిస్తాన్ మీదుగా వచ్చే ఇర్తిష్ దీని పెద్ద ఉపనది. ఇర్తిష్ పుట్టిన చోటు నుంచి లెక్కిస్తే 5,410 కిలోమీటర్లు, అంటే మన గోదావరికి మూడున్నర రెట్లకు పైనే. ఓబ్‌కు నీళ్లిచ్చే నేల దాదాపు 30 లక్షల చదరపు కిలోమీటర్లు. మన దేశ విస్తీర్ణం కన్నా కొంచెమే తక్కువ.

గోదావరి, కృష్ణ తూర్పుకు పారితే ఓబ్ ఉత్తరానికి పారి కారా సముద్రంలో కలుస్తుంది. ఏడాదిలో సగం కాలం గడ్డకట్టి ఉంటుంది. వసంతంలో దక్షిణాన ఎగువ మంచు ముందు కరుగుతుంది, ఉత్తరాన దిగువ ఇంకా గడ్డకట్టే ఉంటుంది. దారి దొరకని నీరు ఒడ్డులు దాటి పరుచుకుంటుంది. అక్కడి అంతులేని చిత్తడి నేలలకు ఇదీ ఒక కారణం.

ఆ చిత్తడిలో, అడవిలో ఖాంతీ, మాన్సీ ప్రజలు, ఇంకా ఉత్తరాన చెట్లు మొలవని నేల మీద నేనెత్స్ ప్రజలు బతుకుతున్నారు. చేపలు పట్టడం, వేట, రెయిన్‌డీర్ మందలు వాళ్ల బతుకుతెరువు. ఎలుగుబంటిని బంధువుగా గౌరవించి పండుగ చేస్తారు. ఖాంతీల భాషలో ఈ నది పేరు ‘ఆస్’. పటాల్లో ఆ పేరు ఉండదు. ఆ మనుషులకూ బయటివాళ్లే పేర్లు పెట్టారు. ఖాంతీలను ఓస్త్యాకులని, మాన్సీలను వోగులులని, నేనెత్స్‌లను సమోయెద్‌లని రాశారు. 1930లో వాళ్ల పేరున ఏర్పడిన జిల్లా కూడా మొదట ‘ఓస్త్యాక్-వోగుల్’ జిల్లాయే. 1940లో గానీ అది ఖాంతీ-మాన్సీ కాలేదు. తమను తాము కోయతూర్ అని చెప్పుకునేవాళ్లను బయటివాళ్లు మరో పేరుతో రాసుకున్న సంగతి తెలిసిన మనకు ఇది కొత్త కథ కాదు.

1582లో యెర్మాక్ అనేవాడు కొసాక్కు సైనికులతో ఉరల్ పర్వతాలు దాటి, ఇర్తిష్ ఒడ్డున కూచుమ్ ఖాన్ రాజధానిని పట్టుకున్నాడు. మూడేళ్లకు ఆ ప్రాంతపు నదిలోనే మునిగి చచ్చాడు. కానీ దారి తెరుచుకుంది. 1587లో తొబోల్స్క్, 1593లో బెర్యోజొవో, 1594లో సుర్గూత్, 1595లో ఇప్పటి సలేఖార్ద్, ఇలా నదుల వెంట కోటలు లేచాయి. సేబుల్ అనే చిన్న జంతువు తోలు కోసమే ఈ పరుగంతా. ఆదివాసులు ‘యాసక్’ పేరుతో ఏటా తోళ్లు కప్పం కట్టాలి. కట్టించడానికి వాళ్ల పెద్దల్ని బందీలుగా ఉంచుకునేవారు. 18వ శతాబ్దపు మొదట్లో మతప్రచారకులు వచ్చి వాళ్ల దేవతల బొమ్మల్ని తగలబెట్టారు.

రాజు పోయి సోవియట్ ప్రభుత్వం వచ్చాక బడి వచ్చింది, ఆసుపత్రి వచ్చింది. అయితే బడి అంటే హాస్టలు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి తీసుకుపోయి అందులో ఉంచారు. పూజారుల హక్కులు తీసేశారు. పవిత్రమైన నూమ్‌తో సరస్సులో చేపలు పట్టించారు. దాంతో ఓబ్ ఉపనది కాజీమ్ తీరంలో ఖాంతీలు, నేనెత్స్‌లు తిరగబడ్డారు. 1933 చివర మాట్లాడడానికి వచ్చిన అధికారుల్ని చంపారు. 1934లో సైన్యం ఆ తిరుగుబాటును అణచివేసింది. చాలాకాలం దాని గురించి నోరెత్తలేదు. తర్వాత ఖాంతీ రచయిత యెరెమెయ్ ఐపిన్ దాన్నే నవలగా రాశాడు. ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసే మేము ఈ ఘట్టాన్ని తేలిగ్గా దాటిపోలేం. బడి మంచిదే, కానీ ఇంటి భాషను గుమ్మం బయటే వదిలి రమ్మనే బడి ఏం ఇస్తుంది, ఏం తీసుకుంటుంది?

తర్వాత ఆనకట్ట మాట వచ్చింది. సలేఖార్ద్ దగ్గర ఓబ్‌కు అడ్డంగా కట్టాలని 1950ల చివర పథకం వేశారు. ముంపు దాదాపు తెలంగాణ రాష్ట్రమంత. పోలవరం ముంపు మండలాల కోయలకు, కొండరెడ్లకు ఆ మాట వివరించనక్కరలేదు. ఆ పథకం ఆగింది. ఆదివాసులు ఉన్నారని కాదు, మునిగే నేల కింద గ్యాసు, చమురు ఉన్నాయని. 1953లో బెర్యోజొవోలో గ్యాసు పొంగింది, 1965లో సమోత్లోర్‌లో రష్యాలోకెల్లా పెద్ద చమురు క్షేత్రం బయటపడింది. నీటి ముంపు తప్పింది గానీ బావులు, గొట్టాలు, నగరాలు వచ్చిపడ్డాయి. 2010 జనాభా లెక్కల నాటికి ఖాంతీ-మాన్సీ జిల్లాలో 15 లక్షల మంది ఉంటే ఆ రెండు జాతులవాళ్లు నూటికి ఇద్దరే. రష్యా మొత్తంలో ఖాంతీలు సుమారు 31 వేలు, తమ భాష వచ్చినవాళ్లు పదివేలకు లోపు. మాన్సీ భాష వచ్చినవాళ్లు వెయ్యి కూడా లేరు.

జిల్లాకు వాళ్ల పేరు పెట్టారు. మాట్లాడేవాళ్లు మాత్రం తగ్గిపోతున్నారు. పేరు ఒక్కటే చాలదని ఓబ్ చెబుతోంది.

అందుకే తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈసారి నదుల పాఠం అయ్యాక పిల్లలకు ఇంటిపని ఇవ్వండి. తమ ఊరి వాగును, మడుగును, రేవును అవ్వలు, తాతలు ఏమని పిలుస్తారో, ఆ పేరు ఎందుకొచ్చిందో అడిగి రాసుకు రమ్మనండి. యువకులు ఆ పేర్లతో ఊరి పటం గీసి బడి గోడకు అంటించండి. ఆ పేర్లు తెలిసిన పెద్దలు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్లుండగానే అడుగుదాం.