ఒకే మందు, ఒకే మోతాదు, వేర్వేరు ఎలుకలు

“ఉత్తేజక మందుకు ఎలుకల ప్రవర్తనా ప్రతిస్పందనలో వ్యక్తిగత భేదాలు ఉంటాయి.” అనంతపురంలో ఫార్మసీ చదివే విద్యార్థికి ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. ఇప్పుడు బీఫార్మసీలో జంతు ప్రయోగాలను సాఫ్ట్‌వేర్‌తో, వీడియోలతో చూపిస్తున్నారు. తెర మీద ఒక ఎలుకను చూసి ఎలుకలన్నీ ఇంతే అనుకునే ప్రమాదం ఉంది. అందుకే ఈ వాక్యాన్ని పదం పదంగా విప్పి చూడాలి.

ఉత్తేజక మందు: మెలకువను, కదలికను పెంచే మందు. కెఫీన్, యాంఫెటమిన్, కొకెయిన్ మూడూ ఈ కోవలోవే, కానీ పనిచేసే తీరు వేరు. కెఫీన్ అడినోసిన్ గ్రాహకాలను అడ్డుకుంటుంది. యాంఫెటమిన్ నాడీకణాల నుంచి డోపమిన్‌ను బయటికి తోయిస్తుంది. కొకెయిన్ ఆ డోపమిన్‌ను తిరిగి లోపలికి పోనివ్వదు. కాబట్టి ఒకదానితో తేలిన ఫలితాన్ని మరొకదానికి అంటగట్టకూడదు.

ప్రవర్తనా ప్రతిస్పందన: అనగా మందు ఇచ్చాక బయటికి కనిపించే, కొలవదగిన మార్పు. కొలిచే పరికరం యాక్టోఫోటోమీటర్. పెట్టెలోని కాంతి కిరణానికి ఎలుక అడ్డొచ్చినప్పుడల్లా ఒక అంకె పెరుగుతుంది. పొరబడేది ఇక్కడే. యాంఫెటమిన్ తక్కువ మోతాదులో ఎలుక పెట్టెంతా తిరుగుతుంది. మోతాదు బాగా పెంచితే ఒక మూల నిలబడి తల ఆడిస్తూ, నేలను వాసన చూస్తూ, నాకుతూ, కొరుకుతూ అదే పనిగా ఉంటుంది. దీన్నే స్టీరియోటైపీ అంటారు. అప్పుడు అంకె పడిపోతుంది. అంటే మందు ప్రభావం తగ్గిందని కాదు, ముదిరిందని. అంకెతో పాటు ఎలుకనూ చూడాలి.

వ్యక్తిగత భేదం: జాతి, వయసు, లింగం, మోతాదు ఒకటే అయినా ఎలుకకూ ఎలుకకూ మధ్య నిలిచే తేడా. ‘నిలిచే’ అన్నది ముఖ్యం. ఒకసారి కనిపించి మరోసారి మాయమైతే అది కొలతలోని ఒడిదుడుకు మాత్రమే. గది వేడి కూడా లెక్కలోకి వస్తుంది. వేడి గదిలో యాంఫెటమిన్ శరీర ఉష్ణోగ్రతను ఇంకా పెంచుతుంది. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే అనంతపురంలో జంతుశాల ఉష్ణోగ్రతను అదుపు చేయకపోతే, గది తెచ్చిన తేడాను ఎలుక తేడాగా రాసుకుంటాం.

ఎక్కువ స్పందించేవి, తక్కువ స్పందించేవి: ఫ్రాన్స్‌లోని బోర్డోలో పియాజా బృందం 1989లో ప్రచురించిన పరిశోధనతో ఈ విభజన ప్రసిద్ధమైంది. కొత్త చోట వదిలితే ఎక్కువ తిరిగిన ఎలుకలు యాంఫెటమిన్‌ను తమంతట తామే తీసుకోవడం నేర్చుకున్నాయి. తక్కువ తిరిగినవి నేర్చుకోలేదు. అయితే ఇవి ప్రకృతి చేసిన రెండు తెగలు కావు. గుంపు మధ్యలో పరిశోధకులు గీసుకున్న గీతకు అటువి, ఇటువి.

సున్నితీకరణ: అనగా అదే మోతాదు పదేపదే ఇచ్చిన కొద్దీ స్పందన పెరగడం. మందు అలవాటై స్పందన తగ్గడానికి ఇది సరిగ్గా వ్యతిరేకం. పియాజా బృందం పరిశోధనలోనే, ముందుగా పలుమార్లు యాంఫెటమిన్ ఎక్కించాక, తక్కువ తిరిగే ఎలుకలూ దాన్ని తమంతట తామే తీసుకోవడం నేర్చుకున్నాయి. కాబట్టి భేదం పుట్టుకతోనే వస్తుందన్నది సగం నిజం. అనుభవం కూడా దాన్ని కలిగిస్తుంది.

వ్యసనం: మందు తీసుకోవడం వేరు, దానికి బానిస కావడం వేరు. 2004లో బోర్డో పరిశోధకులు మూడు గీటురాళ్లు పెట్టారు: మందు దొరకని వేళలోనూ ప్రయత్నం మానకపోవడం, దానికోసం ఎంత శ్రమకైనా దిగడం, శిక్ష పడినా ఆగకపోవడం. నెలల తరబడి కొకెయిన్ తీసుకున్న ఎలుకల్లో మూడింటికీ నిలిచినవి సుమారు 17 శాతమే. 2008లో కేంబ్రిడ్జ్ బృందం మరో చిక్కు విప్పింది. కొత్త చోట ఎక్కువ తిరగడం అనేది మందు తీసుకోవడం మొదలుపెట్టే తత్వాన్ని సూచిస్తుంది. వ్యసనంగా మారడాన్ని ముందుగా సూచించేది ఆవేశపూరితత్వం, అనగా తగిన క్షణం వరకు ఆగలేకపోవడం.

కాబట్టి సగటు ఒక్కటే రాస్తే సగం నిజమే రాసినట్టు. రికార్డు పుస్తకంలో ముందు ప్రతి ఎలుక అంకెనూ విడిగా రాయండి, సగటు ఆ తర్వాతే.