అంబీక్ సఫర్: అత్తరు నుంచి స్కాచ్ దాకా

అమలాపురంలో చిన్ననాటి దోస్త్ ఇంటికి వెళ్తే అద్దాల బీరువా నిండా తాను పోగుచేసిన సింగిల్ మాల్ట్ సీసాలు చూపించాడు. "మీవోళ్లకి హరామ్ కదరా భాయ్, దీని తారీఖ్‌తో నీకేం పని?" అన్నాడు నవ్వుతూ.

పని ఉంది. 9వ శతాబ్దపు ఆలిమ్ అల్-కిందీ పేర ఉన్న అత్తర్ల కితాబులో ఆవిరి పట్టి ఖుష్బూ తీసే తర్కీబులున్నాయి. యూనానీల నుంచి వచ్చిన ఆ పాత్రను అరబ్బులు అంబీక్ అన్నారు. లాటిన్ తర్జుమాల్లో అది అలెంబిక్ అయింది. 1494-95 నాటి స్కాట్లాండ్ రాజుగారి ఖాతాలో జాన్ కోర్ అనే సన్యాసికి 'ఆక్వా వీటే' కాయడానికి మాల్టు ఇచ్చిన పద్దు ఉంది. ఆ లాటిన్ మాటకు మన ఉర్దూలో మానీ ఆబె హయాత్! సింగిల్ మాల్ట్ నేటికీ రాగి పాత్రలోనే కాగుతుంది.

అరబ్బీలో చెమటను అరఖ్ అంటారు. ఆ లఫ్జే ఇంగ్లిషులో అరక్ అయి, మన సారాకు సర్కారీ పేరైంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఔరతులు తిరగబడింది ఆ సారా మీదే. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా అది బంద్ అయింది. ఇల్మ్ మనదని ఫఖ్ర్ పడేటప్పుడు, ఆ ఇళ్ల కన్నీళ్లూ యాద్ ఉండాలి.

వస్తూ వస్తూ దోస్త్ చేతిలో గులాబ్ అత్తరు సీసా పెట్టాను. "ఇదీ ఆ అంబీక్ ఔలాదే. దీన్నీ బీరువాలో పెట్టుకో" అన్నాను.