మదనపల్లె బిడ్డ – పారిస్ పంక్తి

కుప్పం నుండి పలమనేరు, పుంగనూరు మీదుగా మదనపల్లెకు సాగే దారిలో ఏ యింటికి అతిథి వచ్చినా ముందుగా వినబడే మాట "కాళ్ళు కడుక్కోండి". తరువాతి మాట "అన్నానికి లేవండి". ఈ రెండు మాటల నడుమనే పరాయివాడు ఇంటివాడవుతాడు. మన సీమలో పుట్టిన ఒక బిడ్డకు ఈ అనుభవం ఫ్రాన్సు దేశంలో కలిగింది. ఆయన జిడ్డు కృష్ణమూర్తి.

1895 మే నెలలో, నాటి కడప జిల్లాలోని మదనపల్లెలో, రెవెన్యూ ఉద్యోగి నారాయణయ్య, సంజీవమ్మ దంపతులకు ఆయన జన్మించారు. ఎనిమిదవ సంతానం కనుక కృష్ణుని పేరు పెట్టారు. 1905లో తల్లి గతించింది. 1909లో కుటుంబం మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి చేరింది. 1911లో అనీబిసెంటు కృష్ణమూర్తినీ, తమ్ముడు నిత్యానందనూ ఇంగ్లండుకు తీసికొనిపోయింది. బిడ్డలను తిరిగి ఇప్పించుమని తండ్రి వేసిన వ్యాజ్యం 1914లో ప్రివీ కౌన్సిలు దాకా వెళ్ళి ఓడిపోయింది. తరువాతి బ్రతుకంతా అతిథిగానే గడిచింది.

1920 జనవరిలో, ఫ్రెంచి నేర్చుకొనే నిమిత్తం, కృష్ణమూర్తి పారిస్ చేరారు. అక్కడ పరిచయమైనది ద మాంజియర్లీ కుటుంబం. ఇల్లాలు ఇర్మా రష్యను వనిత, భర్త ఫ్రెంచివాడు. ముగ్గురు కుమార్తెలు, ఒక కుమారుడు. కుమార్తెలలో 1899లో పుట్టిన మార్సెల్ తరువాత పేరొందిన స్వరకర్త అయింది. వేసవిలో పట్టణం విడిచి కుటుంబమంతా నీటి ఒడ్డుకో, కొండలకో తరలిపోవడం అక్కడి కలవారి ఆచారం. ఆ ఏటి వేసవిలో మాంజియర్లీ కుటుంబం జెనీవా సరస్సు తీరాన ఆంఫియోఁ అనే చోట విడిది చేయగా, కృష్ణమూర్తి కూడ వారితో ఉన్నారు.

పుట్టు శాకాహారికి ఫ్రెంచి పంక్తి సులభమైనది కాదు. రొట్టె, వెన్న, కూరగాయల సూపు సరే. చీజు వద్దనే చిక్కు. దానిని మనవారు జున్ను అని తెనిగిస్తారు గాని, ఈనిన ఆవు తొలిపాలతో కాచే మన జున్ను వేరు. అక్కడ పాలను విరుచుటకు చాలా రకాలలో దూడ పొట్టలోని పదార్థాన్ని వాడతారు. పుంగనూరు పొట్టి ఆవు పాలు పెరుగై, మజ్జిగై, నెయ్యై రెండు మూడు దినాలలో ముగిసిపోతే, వారి పాలు నేలమాళిగలలో నెలల తరబడి పండుతాయి.

పండుగలూ అంతే. జనవరి 6న బాదంముద్ద పెట్టిన గుండ్రని గలెత్ కోస్తారు. ఇంటిలో అందరికన్న చిన్నవాడు బల్ల క్రింద దూరి ఏ ముక్క ఎవరిదో చెబుతాడు. దాచిన గింజ దొరికినవారికి ఆనాటి రాజకిరీటం. క్రిస్మసుకు నలువది దినాల పిమ్మట, ఫిబ్రవరి 2న, చేతిలో నాణెం పట్టుకొని క్రేపును పెనం మీద ఎగురవేస్తారు. చూపునకు అది మన దోసెయే. పిండిలో మాత్రం గుడ్డు ఉంటుంది. ఎంత దగ్గరయో అంత దూరం!

అయినా అతిథి ధర్మం వంటకంలో లేదు. 1921లో నిత్యానందకు క్షయ సోకినట్లు తెలిసినప్పుడు, కన్నతల్లి లేని ఆ యువకునికి ఇర్మా దగ్గరుండి పరిచర్య చేసింది. అంతకు రెండేండ్లకు ముందు, 1919 ఫిబ్రవరిలో, మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో ఐరిష్ దంపతులైన కజిన్సుల వద్ద రవీంద్రనాథ ఠాగూరు అతిథిగా దిగారు. ఆయన పాడిన జనగణమనకు మార్గరెట్ కజిన్సు స్వరలిపి వ్రాసింది. మన ఊరి బిడ్డకు పారిస్‌లో ఒక బల్ల దొరకగా, వంగదేశపు కవికి మన ఊరిలో ఒక ఇల్లు దొరికింది.

కాని దీనికొక వెల ఉన్నది. పంక్తిలో కూర్చుంటే భాష తనంత తానే వస్తుంది. రొట్టె అడుగుటకు, ఉప్పు అందుకొనుటకు, పిల్లలతో పరిహాసమాడుటకు మాటలు కావాలి. కృష్ణమూర్తికి ఫ్రెంచి అట్లే చేరువయింది. పంక్తి తప్పితే భాష పోవుట కూడ అంతే సహజం. 1921 డిసెంబరులో ఆయన స్వదేశానికి తిరిగి వచ్చేసరికి తెలుగు మరచిపోయి ఉన్నారు. సంజీవమ్మ వంటింటి మాటలు పదేండ్లుగా ఆయనకు వడ్డించినవారు లేరు.

తరువాతి కాలంలో మదనపల్లె చేరువనే రిషివ్యాలీ విద్యాలయం వెలసింది. 1985 చివర ఆయన కడపటిసారి అక్కడికి వచ్చారు. మరుసటి ఫిబ్రవరి 17న కాలిఫోర్నియాలోని ఓహైలో కన్నుమూశారు. తాను పుట్టిన నేల మీద నిలిచి ఆయన ప్రసంగించినది ఇంగ్లీషులో. దాని కెవరినీ నిందించవలసిన పని లేదు. విదేశాలలో బిడ్డలను పెంచుతున్న తెలుగువారు మాత్రం ఒక్కటి గ్రహింతురు గాక: భాష బడిలో చావదు, బడిలో బ్రతకదు. "అన్నానికి లేవండి" అనే పిలుపు ఏ భాషలో వినబడితే, ఆ ఇంటి భాష అదే.