మానుటయు, మరల మొదలిడుటయు

మౌసలపర్వమును చదివినవారికి ద్వారకలోని మద్యనిషేధము జ్ఞప్తియందుండును. మునిశాపమునకు వెఱచిన యాదవులు ఊరిలో నెవ్వరును మద్యము కాచరాదనియు, కాచినవానిని బంధువులతోగూడ కొఱుత వేయుదుమనియు చాటించిరి. పిదప ప్రభాసతీర్థమున కేగినపుడు ఆ యాదవులే తప్పద్రావి యొకరి నొకరు చంపుకొనిరి. కొఱుతభయము ద్వారక పొలిమేర దాటలేదు. విజయనగరము, శ్రీకాకుళము సీమల మద్యచరిత్రమును పరిశీలించునపుడు నాకీ కథ పలుమాఱు తలపునకు వచ్చుచుండును.

ఈ సీమలో త్రాగుడు క్రొత్తది కాదు. మైదానమున తాటికల్లును, మన్యమున జీలుగుకల్లును, ఇప్పసారాయును పండుగకు, పెండ్లికి తోడుండెడివి. దొరతనమువారు దానిని రాబడిగా జేసికొన్న పిమ్మట దాని స్వరూపమే మాఱినది. తన చెట్టున తాను గీచుకొను కల్లునకు సైతము పన్ను చెల్లింపుమనుట 1879 నాటి రంప పితూరీకి గల కారణములలో నొకటి. ఆ మంట గోదావరి మన్యమునుండి విశాఖపట్టణము జిల్లాలోని గొలుగొండకు ప్రాకెను. 1886 లో మద్రాసు ఆబ్కారీ చట్టము వచ్చెను. వేలము పాడి అంగడిని దక్కించుకొన్న పాటదారు తన సొమ్ము రాబట్టుకొనవలెను గదా! ఎంత త్రాగించిన నంత లాభము. గురజాడ అప్పారావుగారు 1909 నాటి కన్యాశుల్కపు రెండవ కూర్పునందు సారాదుకాణమునే రంగముపై నిలిపిరి. అందలి బైరాగి వేదాంతమునకు మనము నవ్వుదుము. ఆ దుకాణమునకు వచ్చినవారి యిండ్లలో నానాడు పొయ్యి వెలిగెనో లేదో నాటకము చెప్పదు.

1937 అక్టోబరు 1 న రాజగోపాలాచారిగారి ప్రభుత్వము సేలము జిల్లాలో నిషేధమును ప్రారంభించెను. పోయిన రాబడికి బదులుగా 1939 లో అమ్మకపు పన్ను పుట్టెను. యుద్ధకాలమున, 1943 లో, నిషేధము నిలిచిపోయెను. 1948 అక్టోబరు నాటికి మన జిల్లాలతోగూడ రాజధానియంతట నెలకొనెను. 1954 నవంబరులో ప్రకాశంగారి మంత్రివర్గము ఈ ప్రశ్నమీదనే ఒక్క వోటుతో కూలెను. 1960 దశాబ్దాంతమున నిషేధము సడలెను. 1980 తరువాత ప్రభుత్వమే వారుణివాహిని యను పేర సారాను పొట్లములలో నమ్మించెను. 1992 లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ఎదురు తిరిగిరి. 1993 లో సారాయు, 1995 జనవరిలో సర్వమద్యములును నిషిద్ధములయ్యెను. 1997 లో దుకాణములు మరల తెఱవబడినవి. ఆ నిషేధకాలమున సయితము ఇచ్ఛాపురము దాటిన గంజాము, పాతపట్నము ప్రక్కనే పర్లాకిమిడి! ప్రభాసతీర్థ మెంతదూరము?

త్రాగువాడు ఒట్టు తప్పినచో వానిని నీతిహీను డందుము. ప్రభుత్వము తప్పినచో దానికి విధానమని పేరు.

ఇన్ని చట్టములలోను మానదలచిన మనుష్యుని గూర్చిన తలపు మిక్కిలి తక్కువ. చిరకాలము త్రాగినవాడు ఒక్కసారిగా మానెనేని చేతులు వడకును, నిద్రపట్టదు, ఒక్కొక్కప్పుడు మూర్ఛలు వచ్చి ప్రాణముమీదికి దెచ్చును. దుకాణము మూయుట ఒక పని, ఇతనిని ఆస్పత్రిలో చేర్చుకొనుట వేఱొక పని. మన గ్రామములలో అయ్యప్పమాల ధరించి నలువదియొక్క దినములు మద్యము ముట్టనివారిని చూచుచునే యున్నాము. అది సామాన్యమైన నిగ్రహము గాదు. ఆ దినములలో భార్యాబిడ్డలు, తోడిస్వాములు, ఊరంతయు ఆతనిని ‘స్వామీ’ యని పిలుచును. మాల తీసిన మఱునాడు ఆతడు ఒంటరి; పాత స్నేహితులుమాత్ర మెదురు చూచుచుందురు. అనేకులు అచ్చటనే జాఱుదురు. ఇంటివారు ‘ఇంకేమున్నది, అయిపోయినది’ అని తలుపు మూయుదురు. ఏండ్లతరబడి దెబ్బలు తిన్న యిల్లాలు అట్లు చేసిన నామె నెవరు తప్పుపట్టగలరు? అయినను మరల త్రాగుట ఈ వ్యాధి నడకలో తఱచుగా కనబడునదే యని వైద్యులు చెప్పుదురు. ఆ నలువదియొక్క దినములు దానివలన అబద్ధములు కావు.

అమెరికాలోని ఆక్రన్ పట్టణమున 1935 లో ఇద్దరు త్రాగుబోతులు ఒకరి కొకరు తోడై ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘమునకు పునాది వేసిరి. వారిలో వైద్యుడైన బాబ్ స్మిత్ కొన్ని వారములు మానియుండి, వైద్యుల మహాసభకని పొరుగూరి కేగి తప్పద్రావి వచ్చెను. రెండవవాడు ఆతనిని విడువక ప్రక్కనుండి కోలుకొనజేసెను. ఆ సంఘమువారు తమ పుట్టుక దినముగా లెక్కించునది 1935 జూను 10. బాబ్ స్మిత్, ఆ జాఱుపాటు తరువాత, కడసారి త్రాగిన దినము.