జీడీపీ లెక్క: ఒక డేటా మైగ్రేషన్ కథ

జీడీపీ ఏడు శాతం పెరిగిందా, ఆరేనా అని ఆఫీసు కాంటీన్లో వాదించుకోవడం మనకి అలవాటే. ఆ అంకె ఎలా తయారవుతుందో మాత్రం ఎవరూ అడగరు. నా మట్టుకు నాకు అదొక పాత లెగసీ సిస్టం. దాన్ని 2015లో పెద్ద ఎత్తున తిరగరాశారు. మన వృత్తి వాళ్ళకి ఆ కథలో పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయి.

మొదట ఈ లెక్క వేసింది దాదాభాయి నౌరోజీ. 1867-68కి మనిషికి సగటున ఏడాదికి 20 రూపాయల ఆదాయం అని తేల్చాడు. జైల్లో ఖైదీకి పెట్టే తిండీ బట్టా లెక్కన చూసినా అది చాలదని ఇంగ్లీషు వాళ్ళ రికార్డులతోనే చూపించాడు. అంటే ఈ లెక్క పుట్టిందే ఒక వాదన కోసం. "మమ్మల్ని కూడా లెక్కలో వేయండి" అన్నదే ఆ వాదన.

స్వాతంత్ర్యం వచ్చాక 1949లో మహలనోబిస్ అధ్యక్షుడిగా జాతీయ ఆదాయ కమిటీ వేశారు. గాడ్గిల్, వి.కె.ఆర్.వి. రావు సభ్యులు. సైమన్ కుజ్నెట్స్, రిచర్డ్ స్టోన్ లాంటి ఉద్దండులు సలహాదార్లు. 1951లో వచ్చిన మొదటి నివేదిక 1948-49కి దేశ ఆదాయం 8,710 కోట్లు, తలసరి 255 రూపాయలు అంది. పెద్ద ఫ్యాక్టరీల లెక్క దొరికింది గానీ చేనేత మగ్గాలు, కిరాణా కొట్లు, ఎడ్లబళ్ళ లెక్క ఎక్కడా లేదు. ఆ లోటు తీర్చడానికే 1950లో నేషనల్ శాంపిల్ సర్వే మొదలైంది. ఊరూరా మనిషి వెళ్ళి అడిగి రాసుకురావడం అన్నమాట.

ఆ తర్వాత కొన్నేళ్ళకోసారి బేస్ ఇయర్ మారుస్తూ వచ్చారు: 1960-61, 1970-71, 1980-81, 1993-94, 1999-2000, 2004-05. మధ్యలో 2000లో గణాంక వ్యవస్థని సరిదిద్దడానికి వేసిన కమిషన్ కి సి.రంగరాజన్ అధ్యక్షుడు. అప్పుడాయన మన రాష్ట్ర గవర్నరు కూడా.

ఇక అసలు కథ. 2015 జనవరిలో 2011-12 బేస్ తో కొత్త సిరీస్ వచ్చింది. అంతకుముందు ప్రైవేటు కంపెనీల లెక్కకి రిజర్వు బ్యాంకు తీసే రెండు మూడు వేల కంపెనీల శాంపిలే ఆధారం. ఇప్పుడు కంపెనీలు ఎంసీఏ-21 అనే సర్కారీ పోర్టల్లో దాఖలు చేసే బ్యాలెన్స్ షీట్లు, అవీ సుమారు 5 లక్షల కంపెనీలవి, వాడడం మొదలెట్టారు. పైగా ఫ్యాక్టరీని కాకుండా కంపెనీ మొత్తాన్ని యూనిట్ గా తీసుకున్నారు. సబ్బుల కంపెనీ ఉందనుకోండి, ఫ్యాక్టరీలో జరిగే పని ఒక్కటే కాదు, హెడ్డాఫీసులో మార్కెటింగ్ వాళ్ళు చేసేది కూడా తయారీ రంగంలోకే వస్తుంది.

కాగితం మీద అంతా సబబే. కానీ 2013-14 వృద్ధి పాత పద్ధతిలో 4.7 శాతం, కొత్త పద్ధతిలో 6.9 శాతం అయి కూర్చుంది! ఆ ఏడాది ఎకనమిక్ సర్వే రాసిన వాళ్ళే ఆశ్చర్యపోయారు. తర్వాత 2016-17లో సర్వే వాళ్ళు ఈ జాబితా పట్టుకుని సేవారంగ కంపెనీల తలుపులు తడితే, మూడో వంతుకు పైగా అసలు దొరకలేదనో, వేరే వ్యాపారంలో ఉన్నాయనో తేలింది. మనకి తెలిసిన జబ్బే కదా ఇది? టేబుల్లో రో ఉన్నంత మాత్రాన బయట మనిషి ఉన్నట్టు కాదు.

అయితే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇది కాదు. మైగ్రేషన్ లో పెద్దవాళ్ళ డేటా ఏటేటా కొత్తగా వచ్చే పైప్‌లైన్ కి మారింది. చిన్నవాళ్ళది మారలేదు. రిజిస్టర్ కాని వ్యాపారాల్లో చాలావాటికి 2010-11 సర్వేనే మూలం. దాన్ని ఏటా వేరే సూచికల సాయంతో ముందుకు జరుపుతూ పోయారు. ఆ సూచికల్లో కొన్ని పెద్ద కంపెనీలవే. పెద్దవీ చిన్నవీ కలిసి నడిచినన్నాళ్ళూ దానితో ఇబ్బంది లేదు. 2016 నవంబర్లో నోట్ల రద్దు, 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు దెబ్బ ప్రధానంగా తగిలింది నగదుతో బతికే చిన్నవాళ్ళకి. వాళ్ళ కష్టం చూడగల సెన్సరు ఆ సిస్టంలో లేదు. సవరించిన లెక్కల్లో 2016-17 వృద్ధి 8 శాతం దాటింది. టిఫిన్ బండి మూసుకున్నవాడు, పక్కనున్న పెద్ద హోటల్ పెరిగినంతా తనూ పెరిగినట్టు లెక్కలోకి ఎక్కే అవకాశం ఉందన్నమాట.

ఇందులో కుట్ర ఉందని నేననను. పాత పద్ధతిలోనూ లోపాలుండేవి. శాంపిల్ కన్నా పూర్తి దాఖలాలు మంచివే. కానీ సులభంగా దొరికే డేటానే మంచి డేటా అనుకోవడం మన పరిశ్రమ నుంచి ప్రభుత్వానికి అంటిన అలవాటేమో అనిపిస్తుంది. మన ప్రాజెక్టుల్లో పాత సిస్టం, కొత్త సిస్టం కొన్నాళ్ళు పక్కపక్కన నడిపి, తేడా ఎందుకొచ్చిందో రాసి చూపించాకే పాతదాన్ని ఆపేస్తాం. ఇక్కడ పాత ఏళ్ళకి కొత్త పద్ధతి లెక్క రావడానికే 2018 నవంబర్ దాకా పట్టింది. వచ్చాక కూడా గొడవే.

తర్వాతి సిరీస్ కి 2022-23ని బేస్ గా ఎంచుకున్నారు. జీఎస్టీ లెక్కలతో పాటు, చిన్న వ్యాపారాల మీద ఏటా జరిగే సర్వే కూడా చేరుతోంది. నాకు ఆశ కలిగించేది జీఎస్టీ కాదు, ఆ సర్వే. 1950లో మహలనోబిస్ గారికి తోచిన మందే అది: లెక్కలో లేనివాడి దగ్గరికి మనమే వెళ్ళాలి, వాడు మన పోర్టల్ కి రాడు.

ఈసారి కాంటీన్లో శాతాల గొడవ వస్తే ఒక్క ప్రశ్న అడిగి చూడండి. ఇందులో బయట టీ కొట్టు వాడిని ఎవరు, ఎప్పుడు లెక్కపెట్టారు?