సమ్మె నోటీసు గడువు ఎవరి కోసం?

ఆర్టీసీ సమ్మె ఊసెత్తితే అది ఎన్ని రోజులు సాగింది, కార్మికులకు ఏం దక్కింది, సర్కారు ఎంతవరకు దిగొచ్చింది అనే లెక్కలే గుర్తొస్తాయి. బస్టాండులో నిలబడిపోయినవాళ్ల లెక్క చరిత్రకెక్కదు. బస్సులు ఆగిన రోజుల కంటే, ఆగకముందు చేజారిన రోజులే ప్రయాణికుణ్ణి ఎక్కువ దెబ్బతీశాయని నేననుకుంటాను. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ప్రజోపయోగ సేవల్లో నోటీసు ఇచ్చాక 14 రోజులు గడవందే సమ్మెకు దిగకూడదన్న నియమం ఉండేది. ఆ వ్యవధి పెట్టింది కూర్చుని మాట్లాడుకోవడానికే.

1932లో నిజాం రైల్వే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలుపెట్టిన సర్వీసు, 1958లో ఏపీఎస్ ఆర్టీసీ ఏర్పడ్డాక పల్లెపల్లెకూ పాకింది. ఈ విస్తరణలో ఒక షరతు దాగి ఉంది. రూట్లను జాతీయం చేసినప్పుడు అక్కడ ప్రైవేటు బస్సులను ప్రభుత్వమే నిలిపేసింది. రోజుకు రెండు ట్రిప్పుల పల్లెవెలుగు తప్ప మరో బస్సు ఎరగని ఊళ్లు అలా తయారయ్యాయి. వేరే దారి మూసినవాళ్లకు ఉన్న దారిని తెరిచి ఉంచే పూచీ కూడా ఉంటుంది కదా! 2015లో ఫిట్‌మెంట్ (జీతాల పెంపు శాతం) కోసం మే 6న సమ్మె మొదలైతే, మూడో రోజునే ఆంధ్రప్రదేశ్‌లో ఎంసెట్. పరీక్షా కేంద్రానికి ఎలా చేరాలన్నదే పిల్లలకు మొదటి పరీక్ష అయింది. ఎనిమిది రోజులకు ఆంధ్రలో 43 శాతం, తెలంగాణలో 44 శాతం దగ్గర వివాదం తెగింది. ఆ అంకెలకు ముందే వచ్చి ఉండవచ్చు.

2019 తెలంగాణ సమ్మె ఇంకా బాధాకరం. ప్రభుత్వంలో విలీనం ప్రధాన డిమాండుగా కార్మిక సంఘాల జేఏసీ సెప్టెంబరులోనే నోటీసులిచ్చింది. చర్చలకు ఐఏఎస్ అధికారుల కమిటీ వేసింది మాత్రం అక్టోబరు మొదట్లో. అక్టోబరు 5న బస్సులు ఆగాయి. మర్నాడు సద్దుల బతుకమ్మ, ఆపైన దసరా. పండక్కి ఊరెళ్లాల్సినవాళ్లు ప్రైవేటు బండ్లు అడిగినంతా ఇచ్చుకున్నారు. దసరా సెలవులను అక్టోబరు 19 దాకా పొడిగించారు. పిల్లల చదువు కూడా బస్సు మీదే నడుస్తోందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది.

తాత్కాలిక సిబ్బందితో బస్సులు నడిపారుగా అంటారు. నడిపారు, నిజమే. రోజుకు డ్రైవరుకు 1,500, కండక్టరుకు 1,000 రూపాయలిచ్చి తెచ్చుకున్నారు. కానీ టికెట్ మిషన్లు లేక ఎక్కువ డబ్బు వసూలు చేశారనీ, పాసులు చెల్లవన్నారనీ ఫిర్యాదులు వెల్లువెత్తాయి. పాసు మీదే కాలేజీకి వెళ్లే అమ్మాయికి ఆ బస్సు ఉన్నా లేనట్టే.

జనానికి ఇబ్బంది కలగకపోతే సమ్మెను ఎవరు పట్టించుకుంటారన్నది ఇంకో వాదన. దాన్ని తేలిగ్గా తీసేయలేను. సుమారు 48 వేల మంది కార్మికులు సెప్టెంబరు జీతం అందక పస్తులకు దగ్గరయ్యారు. ఉద్యోగాన్ని మీరే పోగొట్టుకున్నారంటూ ‘సెల్ఫ్ డిస్మిస్’ అనే మాట విన్నారు. ఖమ్మం డ్రైవర్ ఒకరు ఒంటికి నిప్పంటించుకుని ప్రాణాలు వదిలారు. ఇంత తెగింపు ఊరికే రాదు. కార్మికుడి చేతిలో ఉన్న ఆయుధం సమ్మె ఒక్కటే, దాన్ని లాక్కోమని నేననను. అయితే ఆ ఆయుధం బయటికి రాకముందే వినాల్సిన బాధ్యత యాజమాన్యానిది, దాని వెనకున్న ప్రభుత్వానిది. పండగ ముందు రోజులను ఎంచుకున్నందుకు సంఘాలూ ప్రయాణికుడికి జవాబు చెప్పాలి. 52 రోజుల తర్వాత సమ్మె విరమించారు. నవంబరు 28న అందరినీ విధుల్లోకి తీసుకుంటున్నట్టు ప్రకటిస్తూనే కిలోమీటరుకు 20 పైసలు చార్జీ పెంచుతున్నామన్నారు. దాదాపు రెండు నెలలు ఆటోల పాలైన ప్రయాణికుడి మీదే ఆ భారమూ పడింది.

2025 మేలో తెలంగాణలో మళ్లీ సమ్మె తేదీ ఖరారైంది. అప్పటికి మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చి ఏడాదిన్నర కావస్తోంది; బస్సు మీద ఆధారపడ్డవాళ్లు ఇంకా పెరిగారు. ఈసారి బస్సులు ఆగాల్సిన రోజుకు ముందే మంత్రి సంఘాలతో మాట్లాడారు, అధికారుల కమిటీ వేశారు, సమ్మె వాయిదా పడింది. డిమాండ్లన్నీ తీరలేదు. మే 7 ఉదయం డిపోల నుంచి బస్సులు మాత్రం బయటికొచ్చాయి.