మోటారు స్టార్టర్లు, విద్యుత్ నాయిస్, కేబుల్ షీల్డింగ్: ఉత్తరాంధ్రలో ఒక పరిశీలన

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కరెంటు మోటార్ల వాడకం మాచ్‌ఖండ్‌తో ఊపందుకుంది. ఆంధ్ర, ఒరిస్సా రాష్ట్రాలు ఉమ్మడిగా చేపట్టిన ఆ జలవిద్యుత్ కేంద్రం 1955లో పని మొదలుపెట్టింది. 1959లో రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడ్డాక లైన్లు పల్లెల దాకా పాకాయి. రైసు మిల్లులు, జనపనార మిల్లులు, పొలాల పంపుసెట్లు క్రమంగా ఇండక్షన్ మోటారుకు మళ్లాయి.

మోటారుతో పాటే దాన్ని స్టార్టు చేయడంలోని చిక్కు కూడా వచ్చింది. పూర్తి లోడు మీద 70 ఆంపియర్లకు దగ్గరగా తీసుకునే 50 హార్స్‌పవర్ మోటారు, నేరుగా ఆన్ చేస్తే తొలి క్షణాల్లో 400 ఆంపియర్ల దాకా లాగుతుంది. స్టార్-డెల్టా స్టార్టరు ఆ కరెంటును మూడో వంతుకు తగ్గించింది. బరువైన పనులకు స్లిప్-రింగ్ మోటారు, రోటార్ రెసిస్టెన్సు వాడారు. అప్పటి నాయిస్, అంటే చుట్టుపక్కల తీగల్లోకి చొరబడే అక్కరలేని విద్యుత్ అలజడి, క్షణికమైనది. కాంటాక్టరు విడిపోయేటప్పుడు మెరిసే నిప్పురవ్వ, కాయిల్ వదిలే వోల్టేజి తన్ను, స్టార్ నుంచి డెల్టాకు మారేటప్పుడు వచ్చే కుదుపు. పాడుచేయడానికి ప్యానెల్లో సున్నితమైన పరికరాలు లేవు కనుక పక్కింటి రేడియోలో చిటపటలు వినిపించడమే పెద్ద ఫిర్యాదు. 1950ల చివర్లో గరివిడి దగ్గర మొదలైన ఫెర్రో అల్లాయిస్ పరిశ్రమ మరో రకం అలజడిని తెచ్చింది. ఆర్క్ కొలిమి కరెంటు నిలకడగా ఉండదు. అది లైను వోల్టేజిని ఊగిస్తుంది, హార్మోనిక్స్‌ను కలుపుతుంది.

షీల్డింగ్ అవసరాన్ని ఈ ప్రాంతంలో పెద్ద ఎత్తున ముందుకు తెచ్చింది రైల్వే. కొత్తవలస–కిరండోల్ లైను 1980ల ఆరంభంలో 25 కిలోవోల్టుల ఏసీ విద్యుదీకరణకు మారింది. ఈ పద్ధతిలో పైతీగలోని కరెంటు పట్టాల గుండా, నేల గుండా తిరిగి వెళ్తుంది. పక్కనే కిలోమీటర్ల కొద్దీ సాగే టెలిఫోన్ తీగల్లో అది వోల్టేజిని పుట్టిస్తుంది. అందుకే ఏసీ విద్యుదీకరణ జరిగేచోట స్తంభాల మీది టెలిఫోన్ తీగలను తీసి, అల్యూమినియం తొడుగున్న కేబుళ్లను భూమిలో వేస్తారు. ఎర్తు చేసిన ఆ తొడుగులో ఎదురు కరెంటు పుట్టి ప్రేరణను చాలావరకు తగ్గిస్తుంది. లోపలి తీగలను జతలుగా మెలితిప్పడం ఇంకా పాత ఉపాయం. గ్రాహం బెల్ 1881లోనే దానికి పేటెంటు పొందాడు.

మళ్లీ మోటారు స్టార్టర్ల విషయానికొస్తే, 1957లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ రూపొందించిన థైరిస్టరు అనే సెమీకండక్టర్ స్విచ్చు సాఫ్ట్ స్టార్టరుకు దారి తీసింది. ప్రతి ఫేజులో ఎదురెదురుగా పెట్టిన రెండు థైరిస్టర్లు ప్రతి అర్ధచక్రంలో కొంత భాగాన్నే మోటారుకు వదులుతాయి; ఆ భాగం మెల్లగా పెరుగుతుంది. కరెంటు సాధారణంగా పూర్తి లోడు కరెంటుకు మూడు నాలుగు రెట్ల దగ్గర ఆగుతుంది. ఆపేటప్పుడూ వోల్టేజిని నెమ్మదిగా దించవచ్చు కనుక పొడవాటి పైపులైనులో నీటి తాకిడి తగ్గుతుంది.

అయితే ముక్కలైన తరంగం నునుపుగా ఉండదు. అందులో ఐదో, ఏడో హార్మోనిక్స్, అంటే 250, 350 హెర్ట్జ్ కరెంట్లు కలుస్తాయి. థైరిస్టరు తెరుచుకున్న ప్రతిసారీ వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి పడుతుంది. పవరు కేబులూ, ఫ్లో మీటరు నుంచి వచ్చే 4–20 మిల్లీ ఆంపియర్ల తీగా ఒకే ట్రెంచిలో కలిపి కట్టి ఉంటే, పంపు అందుకునే ఆ పది పదిహేను సెకన్లూ మీటరు అంకె ఎగిరెగిరి పడుతుంది. మోటారు పూర్తి వేగం అందుకుని బైపాస్ కాంటాక్టరు పడగానే థైరిస్టర్లు పక్కకు తప్పుకుంటాయి, అంకె కుదురుకుంటుంది. ఇలా స్టార్టింగుతోనే పోయే నాయిస్‌కు మూలం సాఫ్ట్ స్టార్టరే అయివుండాలి.

1980ల తర్వాత వ్యాపించిన, మోటారు వేగాన్ని మార్చే ఐజీబీటీ డ్రైవులతో పరిస్థితి వేరు. అవి మోటారు నడిచినంతసేపూ సెకనుకు వేలసార్లు స్విచ్ అవుతాయి. నాయిస్ మెగాహెర్ట్జ్ దాకా పోతుంది. అక్కడ మోటారు కేబుల్‌కే షీల్డు కావాలి, దాన్ని రెండు చివరలా చుట్టూ పట్టేలా గ్లాండుతో ఎర్తు చేయాలి. డ్రైవుకు చెప్పిన ఈ నియమాన్ని సాఫ్ట్ స్టార్టరుకూ అంటగట్టడం నేటికీ జరిగే పొరపాటు. సాఫ్ట్ స్టార్టరు మోటారు కేబుల్‌కు మామూలుగా షీల్డు అక్కర్లేదు. మన దగ్గర వాడే ఆర్మర్డ్ కేబులు సరిపోతుంది. షీల్డు కావలసింది సిగ్నల్ తీగలకు. తక్కువ ఫ్రీక్వెన్సీ అనలాగ్ సిగ్నల్ అయితే షీల్డును ప్యానెల్ వైపు ఒక్క చివరే ఎర్తు చేయాలి. రెండు చివరలా కలిపితే రెండు ఎర్తుల మధ్య వోల్టేజి తేడా వల్ల షీల్డులోనే కరెంటు పారుతుంది.

ఎర్తు బాగా లేనిచోట ఏ షీల్డూ అక్కరకు రాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఇసుక నేలల్లో వేసవికి తేమ అడుగంటుతుంది, ఎర్తు రెసిస్టెన్సు పెరుగుతుంది. తీరంలో ఉప్పుగాలి ఎర్తు పట్టీల జాయింట్లను తినేస్తుంది. ఎర్తింగుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 3043 ఉంది. ఎర్తును ఏటా ఎండాకాలంలో కొలిపించడం మంచిది.

షీల్డు కేబులు కొనేముందు ట్రెంచిలో పవరు, సిగ్నల్ తీగలను కనీసం అడుగు దూరం విడదీయాలి, దాటక తప్పనిచోట అడ్డంగా లంబకోణంలో దాటించాలి, ఎర్తు కొలిపించాలి. సాఫ్ట్ స్టార్టరు నాయిస్ చాలాచోట్ల ఈ చవకైన పనులతోనే అదుపులోకి వస్తుంది.